బ్లూటూత్ ఉన్న కారు యాంప్లిఫయర్‌ను ఎంచుకునేటప్పుడు ఏమేమి చూడాలి?

ప్రశ్న

నమస్కారం. నా కారులో కంపెనీవారు బిగించి ఇచ్చిన స్టీరియో పనిచేయడం మానేసింది. దాని స్థానంలో ఇంకొకటి పెట్టించాలని నాకు లేదు. పాటలు వినేదీ దారి చూసుకునేదీ ఫోనులోనే కాబట్టి, ఫోను నుంచి బ్లూటూత్ ద్వారా నేరుగా పాటను అందుకునే యాంప్లిఫయర్‌ను సీటు కిందనో డిక్కీలోనో బిగించి, నాలుగు తలుపుల్లోని స్పీకర్లనూ మంద్ర స్వరాలు పలికే ఒక సబ్‌వూఫర్‌నూ దానికే కలిపితే చాలునని నా ఆలోచన. తలుపుల స్పీకర్లు ఒక్కొక్కటి 4 ఓమ్‌లు (కరెంటుకు నిరోధం), 50 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా తట్టుకునే శక్తి). సబ్‌వూఫర్ 4 ఓమ్‌లు, 250 వాట్ల ఆర్‌ఎంఎస్. ఈ అంకెలు వాటి వెనుకే ముద్రించి ఉన్నాయి.

మూడు యాంప్లిఫయర్లు నా దృష్టిలో ఉన్నాయి. మొదటిది నాలుగు ఛానెళ్లది, అంటే నాలుగు స్పీకర్లకు విడివిడిగా ధ్వని పంపేది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 2000 వాట్లని రాసి ఉంది. రెండోది ఐదు ఛానెళ్లది; నాలుగింటికి 50 వాట్ల చొప్పున, ఐదోదానికి 250 వాట్లు ఇస్తుందని చెబుతున్నారు గానీ, పరిమాణంలో మొదటిదానిలో సగం కూడా లేదు. మూడోదానిలో డీఎస్‌పీ, అంటే ధ్వనిని డిజిటల్‌గా సరిదిద్దే చిప్పు, ఉంది. పెట్టె మీద బ్లూటూత్ గుర్తు ఉన్నా, లోపలి వివరాలన్నీ ఫోనులో వేసుకునే యాప్ గురించే ఉన్నాయి. ఈ మూడింటిలో నా అవసరానికి తగినది ఏది? వైరు ద్వారా వచ్చే ధ్వనితో పోలిస్తే బ్లూటూత్‌లో నాణ్యత ఎంత తగ్గుతుంది? స్టీరియో అసలు లేకుండా యాంప్లిఫయర్ ఆన్ కావడం, ఆఫ్ కావడం ఎలా?

మొదటి సమాధానం

నమస్కారం. మీ మూడో యాంప్లిఫయర్‌తోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది పొరబడేది అక్కడే. యాంప్లిఫయర్ పెట్టె మీద బ్లూటూత్ గుర్తు కనిపించినంత మాత్రాన అది ఫోనులోని పాటను అందుకుంటుందని అనుకోవడానికి వీల్లేదు. డీఎస్‌పీ ఉన్న యాంప్లిఫయర్లలో చాలావాటికి బ్లూటూత్ ఉండేది ఈక్వలైజరునూ (స్వరాల హెచ్చుతగ్గులు), క్రాసోవర్‌నూ (ఏ స్వరాలు ఏ స్పీకరుకు వెళ్లాలన్నది), స్పీకర్ల మధ్య ఆలస్యాన్నీ ఫోను తెర మీది నుంచి సరిచేసుకోవడానికి మాత్రమే. అలాంటిదానికి పాట ఇంకో మార్గంలో, అంటే స్టీరియో నుంచి సిగ్నలును తెచ్చే ఆర్‌సీఏ వైర్ల ద్వారానో స్పీకరు వైర్ల ద్వారానో రావలసిందే. వివరాల పత్రంలో 'ఏ2డీపీ' (బ్లూటూత్‌లో పాటను పంపే పద్ధతి) అనో 'ఆడియో స్ట్రీమింగ్' అనో స్పష్టంగా రాసి ఉంటేనే అది మీకు పనికొస్తుంది. ఆ మాట లేకపోతే, స్టీరియో లేని మీ కారులో అది ఉలుకూ పలుకూ లేని పెట్టెగా మిగిలిపోతుంది.

ఇక స్టీరియో లేకపోవడం వల్ల వచ్చే చిక్కులు మీరు అనుకుంటున్న దానికన్నా ఎక్కువ. రేడియో ఉండదు, స్టీరింగు మీది మీటలు పనిచేయవు అన్నవి మీకు తెలిసే ఉంటాయి. కొన్ని కార్లలో సీటు బెల్టు హెచ్చరిక, పార్కింగు సెన్సారు మోత కూడా కంపెనీ స్టీరియో గుండానే స్పీకర్లకు వెళ్తాయి. మీ స్టీరియో పాడైన తర్వాత ఆ శబ్దాలు వినిపిస్తున్నాయో లేదో ఒకసారి గమనించి, వినిపిస్తుంటే మాత్రం దాన్ని పూర్తిగా ఊడబెరికే ముందు ఆటో ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

ధ్వనిని పెంచడం, తగ్గించడం మరో విషయం. యాంప్లిఫయర్‌తో పాటు వైరు చివర ఒక నాబ్ ఇస్తారు గానీ, చాలావాటిలో అది సబ్‌వూఫర్ స్థాయిని మాత్రమే మారుస్తుంది. బండి నడుపుతూ ఫోను తెర మీద వేలు జరుపుతూ కూర్చోవడం ప్రమాదకరం కాబట్టి, అన్ని ఛానెళ్ల ధ్వనినీ మార్చే నాబ్ ఉందో లేదో కొనే ముందే తేల్చుకోండి. నేనైతే ఈ ఒక్క సౌకర్యం కోసం కొన్ని వాట్లు తక్కువైనా సరిపెట్టుకుంటాను.

ఫోను కాల్స్ సంగతి కూడా చూడాలి. యాంప్లిఫయర్‌లో ఏ2డీపీ ఒక్కటే ఉండి హ్యాండ్స్‌ఫ్రీకి కావలసిన హెచ్‌ఎఫ్‌పీ, మైకు లేకపోతే, కాల్ రాగానే పాట ఆగి, అవతలివారి గొంతు ఫోనులోనే వినిపిస్తుంది. కొందరికి అది ఇబ్బంది, కొందరికి అదే మేలు.

రెండో సమాధానం

పైవారు బ్లూటూత్ గురించి చెప్పవలసినది చెప్పారు. నేను వాట్ల గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే బ్లూటూత్ ఎంత గొప్పదైనా యాంప్లిఫయర్‌లో పస లేకపోతే మిగతాదంతా వృథా.

మీ మొదటి యాంప్లిఫయర్ మీద రాసి ఉన్న 2000 వాట్లను నమ్మే ముందు దాన్ని తిప్పి, కరెంటు వైర్లు బిగించే చోట ఉన్న ఫ్యూజు మీది అంకె చదవండి. అక్కడ 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే ఉందనుకుందాం. ఇంజను నడుస్తున్నప్పుడు కారు వోల్టేజి సుమారు 13.8 ఉంటుంది. రెంటినీ గుణిస్తే లోపలికి వెళ్లగలిగేదే 414 వాట్లు. యాంప్లిఫయర్ కరెంటును ఎక్కువ వృథా చేసే క్లాస్ ఏబీ రకమైతే అందులో సుమారు సగం నుంచి 60 శాతం దాకా మాత్రమే స్పీకర్లకు చేరుతుంది, మిగిలింది వేడిగా మారుతుంది. అంటే నాలుగు ఛానెళ్లూ కలిపి 200 నుంచి 250 వాట్లు. క్షణకాలపు పొంగులో అంతకు మించి కొంత రావచ్చు గానీ, నిలకడగా 2000 వాట్లు రావడం భౌతికంగా సాధ్యం కాదు. రెండోదానిలో 30 ఆంపియర్ల ఫ్యూజులు రెండు ఉంటే లోపలికి 828 వాట్లు వెళ్తాయి. అది కరెంటును తక్కువ వృథా చేసే క్లాస్ డీ రకమైతే, 80 శాతం సామర్థ్యంతో లెక్క వేసినా 660 వాట్లు బయటికి రావచ్చు. అలాంటప్పుడు వారు చెబుతున్న 450 వాట్లు నమ్మదగినవే. చిన్నదిగా ఉండడం క్లాస్ డీ స్వభావం. తక్కువ వేడెక్కుతుంది కాబట్టి దానికి పెద్ద అల్యూమినియం రెక్కలు అక్కర్లేదు.

వివరాల పత్రంలో సీటీఏ-2006 ప్రమాణం ప్రకారం కొలిచామని ఉంటే ఇంకా మంచిది. ఆ ప్రమాణంలో 14.4 వోల్టుల దగ్గర, 4 ఓమ్‌ల భారం మీద, వక్రీకరణ 1 శాతం దాటకుండా ఎన్ని వాట్లు వస్తాయో కొలుస్తారు. 'మ్యాక్స్', 'పీక్' అన్న మాటల పక్కన ఉన్న అంకెలకు అలాంటి కట్టుబాటు ఏదీ లేదు. ఓమ్‌లు కూడా గమనించండి. కొందరు 250 వాట్లని రాసి, అది 2 ఓమ్‌ల దగ్గరి లెక్క అని కింద చిన్న అక్షరాలలో పెడతారు. మీ సబ్‌వూఫర్ 4 ఓమ్‌లు కాబట్టి దానికి అందేది అందులో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

నాలుగు ఛానెళ్ల యాంప్లిఫయర్‌తో మీ ఐదు స్పీకర్లను నడపడం ఎలాగో కొందరు చెబుతారు: ముందు తలుపులకు రెండు ఛానెళ్లు ఇచ్చి, మిగిలిన రెంటినీ బ్రిడ్జి చేసి, అంటే ఒకే ఛానెలుగా జోడించి, సబ్‌వూఫర్‌కు కలపడం. అది తప్పు పద్ధతి కాదు, వెనుక తలుపుల స్పీకర్లను వదులుకోగలిగితే. అన్నీ మోగాలంటే ఐదు ఛానెళ్లదే తీసుకోండి.

మూడో సమాధానం

నా అభిప్రాయం కాస్త వేరు. మంచి యాంప్లిఫయర్ పది పదిహేనేళ్లు పనిచేస్తుంది. బ్లూటూత్ చిప్పు మాత్రం అంతకన్నా చాలా ముందే పాతబడుతుంది. రెంటినీ ఒకే పెట్టెలో ముడిపెట్టడం కంటే, బ్లూటూత్ లేని నాణ్యమైన ఐదు ఛానెళ్ల యాంప్లిఫయర్ కొని, దాని ఆర్‌సీఏ ఇన్‌పుట్లకు విడిగా ఒక చిన్న బ్లూటూత్ రిసీవరు తగిలించడం నాకు మేలనిపిస్తుంది. రేపు కొత్త కోడెక్ (బ్లూటూత్‌లో పంపడానికి పాటను కుదించే పద్ధతి) వస్తే రిసీవరు మారిస్తే సరిపోతుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. రిసీవరుకు 5 వోల్టుల కరెంటు కావాలి. దాన్ని సిగరెట్ లైటరు సాకెట్టులో పెట్టే చార్జరు నుంచి తీసుకుంటే, రిసీవరు ఎర్త్ ఒక చోట, యాంప్లిఫయర్ ఎర్త్ ఇంకో చోట పడి, రెంటి మధ్య వోల్టేజి తేడా వల్ల స్పీకర్లలో సన్నని ఈల మొదలవుతుంది. ఏక్సిలరేటరు తొక్కిన కొద్దీ ఆ ఈల శ్రుతి పెరుగుతుంటే అది బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు నుంచి వస్తున్నదేనని గుర్తుపట్టవచ్చు. రిసీవరుకు కరెంటునూ ఎర్త్‌నూ యాంప్లిఫయర్ దగ్గరే తీసుకుంటే చాలావరకు పోతుంది. అప్పటికీ పోకపోతే మధ్యలో ఆ ఈలను అడ్డుకునే గ్రౌండ్ లూప్ ఐసోలేటరు పెట్టాలి, కానీ చవకరకం ఐసోలేటర్లలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు మంద్ర స్వరాలను కొంత మింగేస్తాయి. బ్లూటూత్ లోపలే ఉన్న యాంప్లిఫయర్‌లో ఈ బెడద తక్కువన్న మాట నిజమే. ఫోనుకూ యాంప్లిఫయర్‌కూ మధ్య వైరే లేదు గనుక, ఫోను చార్జింగులో ఉన్నా ఆ దారిన ఈల రాదు.

నాణ్యత గురించి అడిగారు. ఏ2డీపీ ఉన్న ప్రతి పరికరానికీ తప్పనిసరి అయిన కోడెక్ ఎస్‌బీసీ. అది సాధారణంగా సెకనుకు 328 కిలోబిట్ల దాకా పంపుతుంది. సీడీలో ఉండేది 1411 కిలోబిట్లు. అంకెల తేడా పెద్దదే. అయినా టైర్ల మోత, గాలి, ఇంజను కలిసిన శబ్దంలో ఎస్‌బీసీకీ మిగతావాటికీ తేడా పట్టుకోగలమని చెప్పేవారి మాట నేను అంత సులువుగా నమ్మను. మీది ఐఫోను అయితే ఏఏసీ అనే కోడెక్ ఉన్న యాంప్లిఫయర్ చూడండి. ఆప్టెక్స్, ఎల్‌డాక్ అనే కోడెక్‌లు ఐఫోనులలో ఉండవు కాబట్టి వాటికోసం డబ్బు పెట్టడం దండగ. ఆండ్రాయిడ్ ఫోను అయితే ఎల్‌డాక్ ఉండవచ్చు. అది 990 కిలోబిట్ల దాకా వెళ్తుంది, సిగ్నలు బలహీనపడితే 330కి దిగుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మూడో యాంప్లిఫయర్ వివరాలు మళ్లీ చదివాను. బ్లూటూత్ యాప్ కోసమేనని అందులో ఒక మూల రాసి ఉంది, కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. మొదటిదానికి వెనుక ఉన్నది 30 ఆంపియర్ల ఫ్యూజు ఒక్కటే. రెండోదానికి ఫ్యూజులు రెండు, క్లాస్ డీ, ఏఏసీ ఉంది, నాబ్ అన్ని ఛానెళ్లకూ పనిచేస్తుంది. విడిగా రిసీవరు పెట్టే ఆలోచన బాగానే ఉన్నా, అదనపు వైర్లు నాకు వద్దు. ఫోను ఐఫోనే. ఇక మిగిలింది ఆన్, ఆఫ్ సంగతి, ఎక్కడ బిగించాలన్నది.

మొదటి సమాధానం ఇచ్చినవారు

యాంప్లిఫయర్‌కు మూడు కరెంటు కొనలు ఉంటాయి: బ్యాటరీ ప్లస్, ఎర్త్, రిమోట్. రిమోట్ కొనకు 12 వోల్టులు అందినప్పుడే అది మేల్కొంటుంది. మామూలుగా ఆ 12 వోల్టులను స్టీరియో పంపుతుంది. మీకు స్టీరియో లేదు కాబట్టి, ఫ్యూజు బాక్సులో తాళం చెవి 'యాక్సెసరీ' స్థానానికి తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఒక ఫ్యూజు నుంచి ఆ వైరు తీయండి. దానికి ప్రత్యేకంగా ఫ్యూజు ట్యాప్ అనే చిన్న సాధనం దొరుకుతుంది. రిమోట్ వైరు మోసేది చాలా తక్కువ కరెంటు కాబట్టి 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. పాత స్టీరియో వెనుక ఉన్న యాక్సెసరీ వైరు కూడా వాడుకోవచ్చు, కానీ అది నిజంగా తాళం చెవితో పాటే ఆగుతోందో లేదో మల్టీమీటరుతో చూసుకోవాలి. కొన్ని కొత్త కార్లలో ఆ చోట అలాంటి వైరే ఉండదు, ఆజ్ఞలన్నీ డేటా వైరు మీదనే వస్తాయి. రిమోట్‌ను నేరుగా బ్యాటరీకి కలిపితే మాత్రం యాంప్లిఫయర్ రాత్రంతా మేలుకొని, తెల్లవారేసరికి బండి స్టార్ట్ కాకుండా చేస్తుంది.

ప్రధాన వైరును బ్యాటరీ నుంచి నేరుగా తీసుకోవాలి. మొత్తం 450 వాట్లకు సుమారు 40 ఆంపియర్లు పారతాయి, కాబట్టి డిక్కీ దాకా వెళ్లే వైరు 4 గేజ్ ఉండాలి. పూర్తి రాగి వైరే తీసుకోండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు అదే లావున్నా అంత కరెంటు మోయలేదు. బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్లలోపే ఒక ఫ్యూజు ఉండి తీరాలి. యాంప్లిఫయర్ లోపల ఉన్న ఫ్యూజు యాంప్లిఫయర్‌ను కాపాడుతుందే గానీ, మధ్యలో వైరు ఇనుముకు రాసుకుని షార్ట్ అయితే మంటను ఆపలేదు. ఎర్త్ వైరు కూడా అంతే లావుగా, వీలైనంత పొట్టిగా ఉండి, రంగు గీకిన లోహం మీద బోల్టుతో బిగించాలి.

చోటు విషయానికి వస్తే, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు సీటు స్పాంజి గుండా సులువుగా వెళ్తాయి, లోహం గుండా వెళ్లవు. ముందు సీటు కింద మీ ఫోనుకు దగ్గరగా ఉంటుంది. గాలి ఆడితే చాలు. డిక్కీలో, వెనుక సీటు రేకు అవతల పెట్టదలిస్తే, బయటికి తీసి అతికించుకునే యాంటెన్నా వైరు ఉన్న యాంప్లిఫయర్ కావాలి. సీటు కింద పెట్టినప్పుడు సీటును చివరిదాకా ముందుకూ వెనక్కూ జరిపి, పట్టాలు వైర్లను కొరకడం లేదని చూసుకోండి. మరో మాట: కొన్ని యాంప్లిఫయర్లు పిన్ అడగకుండా ఎవరి ఫోనుకైనా జతపడిపోతాయి. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు పక్క బండివారి పాట మీ కారులో మోగినా ఆశ్చర్యపోవద్దు.

రెండో సమాధానం ఇచ్చినవారు

గెయిన్, అంటే లోపలికి వచ్చే సిగ్నలును యాంప్లిఫయర్ ఎంత పెంచాలో నిర్ణయించే అమరిక, గురించి ఎవరూ రాయలేదు గనుక చేరుస్తున్నాను. బ్లూటూత్‌లో రెండు చోట్ల ధ్వని స్థాయి ఉంటుంది, ఫోనులో ఒకటి, యాంప్లిఫయర్‌లో ఒకటి. ముందు స్పీకరు వైర్లు విప్పి, క్రాసోవర్లు ఆపి, ఫోను స్థాయినీ నాబ్‌నూ పూర్తిగా పెంచండి. 0 డెసిబెల్ (రికార్డింగులో గరిష్ఠ) స్థాయిలో రికార్డు చేసిన 400 హెర్ట్జ్ స్వరాన్ని మోగించి, యాంప్లిఫయర్ కొనల దగ్గర ఏసీ వోల్టేజి కొలవండి. 4 ఓమ్‌ల మీద 50 వాట్లకు 14.1 వోల్టులు, గెయిన్‌ను కనిష్ఠం నుంచి మెల్లగా తిప్పుతూ ఆ అంకె దగ్గర ఆపేయాలి. సబ్‌వూఫర్ ఛానెలుకు 50 హెర్ట్జ్ స్వరంతో 31.6 వోల్టుల దగ్గర ఆపండి. తర్వాత స్పీకర్లు కలిపి, తలుపులకు 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకు పై స్వరాలనే పంపేది), సబ్‌వూఫర్‌కు అక్కడే లో పాస్ (అంతకు కింది స్వరాలనే పంపేది) పెట్టండి. స్వరం మోగుతుండగా స్పీకర్లు కలిపి ఉంచితే వాటిలోని తీగచుట్ట (వాయిస్ కాయిల్) కాలిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి వైర్లు విప్పడం మరచిపోకండి.