అమ్మ అడిగిన ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలి?

అందరికీ వందనాలు. మా అమ్మ చాలా ఏళ్లు చర్చి ఊడ్చింది, ఆరాధన అయ్యాక చాపలు మడిచి సర్దింది, స్టేజి మీదకు మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఇప్పుడు మంచం పట్టి ఆరు నెలలైంది, చూడటానికి ఇద్దరే వచ్చారు. మొన్న రాత్రి "నేను చేసింది దేవుడికైనా గుర్తుందంటావా?" అని అడిగింది, నాకు నోట మాట రాలేదు.

తర్వాత బైబిల్ తీసి వెతికాను. మత్తయి 10లో రెండు పిచ్చుకలు ఒక కాసుకు, లూకా 12లో అయిదు పిచ్చుకలు రెండు కాసులకు. అంటే లెక్క ప్రకారం అయిదోది కొసరు, దానికి ధరే లేదు, అయినా వాటిలో ఒక్కటి కూడా దేవుని ఎదుట మరవబడదని యేసు చెప్పాడు. ఇది చదివి నాకు ఏడుపొచ్చింది. యజమానురాలి దగ్గర నుంచి పారిపోయిన దాసి హాగరు కూడా దేవుణ్ణి "నన్ను చూసే దేవుడు" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచింది కదా (ఆదికాండము 16).

కానీ వాక్యాలు చదివి వినిపిస్తే ప్రసంగంలా ఉంటుందేమోనని భయం. ఆమెకు కావలసింది అది కాదనిపిస్తోంది. మీలో ఎవరైనా ఇలాంటి బాధలో ఉన్నవాళ్ల పక్కన కూర్చున్నారా? ఏ మాట వాళ్లకు నిజంగా తాకింది? పేరు లేకుండా సేవ చేసిన మనుషుల గురించి బైబిల్లో ఇంకెక్కడ ఉందో కూడా చెప్పండి, ఈ రాత్రే అమ్మ దగ్గర కూర్చుని చదువుతాను.