విశాఖ పిచ్చాసుపత్రి పాత రికార్డులలో గంజాయి కేసులు: అసలు పత్రాల కోసం

నమస్కారం. బ్రిటిషు కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని పిచ్చాసుపత్రులలో, ముఖ్యంగా విశాఖపట్నంలో, గంజాయిని మతిభ్రమణానికి కారణంగా ఎలా నమోదు చేశారో పరిశీలిస్తున్నాను.

ఈ విషయాన్ని నిశితంగా పరీక్షించినది 1893–94 నాటి ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ (గంజాయి వాడకంపై విచారణకు బ్రిటిషు ప్రభుత్వం వేసిన సంఘం). 1892లో బ్రిటిషు ఇండియా పిచ్చాసుపత్రులలో చేరిన 1,344 మందిలో 222 మంది విషయంలో గంజాయి, భంగు, చరస్ వంటివే కారణమని రాసి ఉండగా, ఒక్కొక్క కేసునూ తిరిగి విచారించిన కమిషన్ 98 కేసులలో మాత్రమే ఆ సంబంధాన్ని అంగీకరించింది. చాలాచోట్ల ‘కారణం’ అన్న గడిలోని మాట వైద్యుడు తేల్చినది కాదు. రోగిని పంపేటప్పుడు పోలీసులు జతచేసిన వివరాల కాగితం నుంచే అది రిజిస్టరులోకి, అక్కడి నుంచి వార్షిక నివేదికల పట్టికలలోకి చేరింది. నా దృష్టిలో అసలు చరిత్ర ఆ కాగితంలోనే ఉంది. ఒక మనిషి మతి తప్పడానికి ముందు జ్వరపడ్డాడా, ఆకలికి గురయ్యాడా, అయినవారిని పోగొట్టుకున్నాడా అన్నది ‘గంజాయి’ అనే ఒక్క మాట కింద కప్పబడిపోవడం నన్ను కలచివేస్తోంది.

నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ ఆన్‌లైన్‌లో ఉంచిన వార్షిక నివేదికలు చూశాను. వాటిలో ఉన్నవి ఎక్కువగా మొత్తాల లెక్కలే. చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో పనిచేసిన అనుభవం ఉన్నవారు, విశాఖ రోగుల వివరాల కాగితాలు, కేసు పుస్తకాలు ఏ శాఖ దస్త్రాలలో, ఏ సూచికల ద్వారా వెతకాలో దయచేసి తెలుపగలరా? పోలీసులు స్థానికులను విచారించి తెలుగులో రాసుకున్న వాంగ్మూలాలు ఎవరి కంటనైనా పడి ఉంటే, ఆ వివరం నాకు మరింత విలువైనది.