‘శాయరా’ సరే, ఆ తర్వాత ‘లభించు’నా ‘దక్కు’నా?

పద్యప్రియ: పొద్దుట్నుంచి ఒకటే మాట బుర్ర తొలిచేస్తోంది. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు తోటరాముడితో అనేది, ‘సాహసం శాయరా డింభకా’ దాకా అందరికీ నోటికొచ్చు, తర్వాత ‘రాజకుమారి లభించునురా’ నా, ‘దక్కునురా’ నా? లభించడమంటే రాసిపెట్టి ఉన్నది చేతికి రావడం, దక్కడమంటే తెగించి సొంతం చేసుకోవడం, మాటలు రాసిన పింగళి గారు ఏది వేశారన్నదాన్ని బట్టి సినిమా అర్థమే మారిపోతుంది.

చిక్కడపల్లి శారద: ‘ప్రాణం దక్కింది’ అంటాం కదండీ, అందులో తెగింపేముంది? అది అచ్చంగా అదృష్టమే. మీ తేడా నిలవదు.

మలక్‌పేట మాస్టారు: లభించునురానే. అసలు చూడాల్సింది ‘శాయరా’. ఇప్పుడు పోస్టర్ల మీదా మీమ్స్‌లోనూ ‘సేయరా’ అని దిద్దేస్తున్నారు, తప్పు. ‘శాయశక్తులా’లో ఉన్నది ఈ శాయే. కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర రాసిన పాత కాగితాలు, తిరగేయండి, ‘శాయించి’ అని ఎన్నిచోట్ల కనిపిస్తుందో.

అంబర్‌పేట్ అన్న: మాస్టారూ అక్షరం సంగతి తర్వాత. సాహసం చెయ్యమన్నోడు బలియ్యనీకే అన్నడు కదా. వానికి కావాల్సింది ధైర్యమున్న పిలగాని తల. అట్లాంటప్పుడు లభించినా దక్కినా ఆ మాటే అబద్ధం. రాముడు బతికింది మొసలి వల్ల. గుహల అన్ని పరీక్షలు గెల్చినంక స్నానానికి పోతడు, మొసలి మీద పడ్తది, చంపుతడు, అది శాపం తీరి అసలు రూపానికొచ్చి మాంత్రికుని గుట్టు చెప్తది. ఆ నీళ్లల్ల మొసలి లేకుంటే కథ ఆడికే ఖతం. గిది సాహసమా, తకదీరా?

పద్యప్రియ: అన్నా, స్నానం చేసి రమ్మని పంపింది మాంత్రికుడే! అన్నీ లెక్కేసుకున్నవాడు తన చావుని తనే పురమాయించాడు. దాన్ని యాదృచ్ఛికం అనలేను నేను.

చిక్కడపల్లి శారద: మొసలి అనగానే పోతన గుర్తు రాకుండా ఎలా ఉంటాడు. భాగవతం అష్టమ స్కంధంలో మకరి కూడా దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడే. కానీ అక్కడ గజేంద్రుడు పోరాడి పోరాడి ‘లావొక్కింతయు లేదు’ అన్నాకే హరి వస్తాడు, ఇక్కడ హరి రాడు, రాముడే కత్తి దూస్తాడు. దర్శకుడు కె.వి.రెడ్డి గారు 1951లోనే గజేంద్రమోక్షాన్ని తిరగేసి చూపించారని నా గట్టి నమ్మకం, పైగా ఆ పద్యం చదివినప్పుడల్లా ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’ దగ్గర నాకు ఊపిరి ఆగుతుంది.

అంబర్‌పేట్ అన్న: తావులు కాదా మేడమ్? మా బడిల తావులనే చెప్పిన్రు.

మలక్‌పేట మాస్టారు: ఠావుల్ అనే ఉండాలి. పద్యం శార్దూలం, పాదం మొదటి అక్షరంతో పదమూడో అక్షరం జత కలవాలి, అదే యతి. ‘ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్’, ‘డస్సెన్’లో డ కి ఠ కలుస్తుంది, త కలవదు. తావు అన్నారంటే పోతన గారి యతి భంగం చేసినట్టే.

పద్యప్రియ: అబ్బ, ఎంత బాగా చెప్పారు మాస్టారూ! అయితే శాయరాకీ ఇదే లెక్క పెట్టొచ్చు. సాహసంలో సా కి శా కుదురుతుంది, అచ్చూ అదే, స-శ మైత్రీ ఉంది. సే పెడితే హల్లు కలిసినా అచ్చు పోయింది. పింగళి గారి చెవి అది.

చిక్కడపల్లి శారద: వచనానికి యతేంటండీ! అది డైలాగు.

మలక్‌పేట మాస్టారు: డైలాగే, కానీ నాటకాలు రాసి వచ్చిన చెయ్యి. ‘వింధ్యరాణి’ రాసినాయన చెవిలో యతి ఊరికే పోతుందా?

అంబర్‌పేట్ అన్న: సరే గానీ, ‘లభించునురా’ల ఏ అక్షరానికి ఏది కలిసిందో గూడ చెప్పుండ్రి మరి.