‘స్వతంత్ర ఘటనలు’ – ఇక్కడ స్వతంత్రమంటే ఏమిటి?

ప్రశ్న: ఇంటర్మీడియట్ గణితంలో సంభావ్యత చెప్పేటప్పుడు ‘స్వతంత్ర ఘటనలు’ అనగానే పిల్లలు ‘రెండూ కలిసి జరగనివి’ అనుకుంటున్నారు. ఈ పొరపాటు మాటలోనే ఉందంటారా?

జవాబు: కొంతవరకు మాటలోనే ఉందండీ. ‘స్వతంత్రః కర్తా’ అన్న పాణిని సూత్రంలోలాగే ఈ శబ్దానికి ఇంకొకరి అదుపులో లేకపోవడమే అర్థం; గణితంలో అయితే, ఒక ఘటన జరిగిందని తెలిసినా రెండోదాని సంభావ్యత మారకపోవడం. కలిసి జరగనివాటికి ‘పరస్పర వివర్జిత ఘటనలు’ అనే పేరు వేరే ఉంది. పైగా అలాంటి రెండు ఘటనలకూ సంభావ్యత సున్న కానప్పుడు అవి స్వతంత్రాలు కానే కావు. ఒకటి జరిగిందని తెలిస్తే రెండోది జరగలేదని తేలిపోతుంది కదా.

పేకకట్టతో చూపితే పిల్లలకు సులువుగా అందుతుంది. 52 ముక్కల్లోంచి ఒకటి తీస్తే అది ఆసు అయ్యే సంభావ్యత 4/52, అంటే 1/13. తీసినది ఆటీను అని ఎవరైనా చూసి చెప్పినా, 13 ఆటీన్లలో ఆసు ఒక్కటే కాబట్టి విలువ మళ్లీ 1/13 అవుతుంది. ఆటీను ఆసు రెండు ఘటనలకూ చెందిన ముక్కే అయినా, తెలిసిన సమాచారం విలువను మార్చలేదు కనుక ఇవి స్వతంత్రాలు. ఇప్పుడు కట్టలోంచి ఇస్పేటు రెండు పోయిందనుకోండి (మా ఇంట్లో నిండుగా ఉన్న కట్టను నేనింతవరకు చూడలేదు). ఆసు సంభావ్యత 4/51 అవుతుంది, ఆటీను అని తెలిశాక మాత్రం 1/13గానే ఉంటుంది. పోయిన ముక్క ఆసూ కాదు, ఆటీనూ కాదు; అయినా స్వాతంత్ర్యం పోయింది. అంటే ఇక్కడ స్వాతంత్ర్యం లెక్కలో తేలవలసినదే తప్ప ఘటనల పేర్లు చూసి చెప్పగలిగేది కాదు.

ప్రశ్న: అయితే స్వతంత్రం కానివాటిని ‘పరాధీన ఘటనలు’ అనవచ్చా?

జవాబు: వాడుకలో ఉంది గానీ, నాకు తృప్తిగా లేదు. ‘పరాధీనం’ అంటే ఒకటి యజమాని, ఇంకొకటి సేవకుడు అన్నట్లు ధ్వనిస్తుంది. ఈ సంబంధం రెండు వైపులా ఒకటే: పై 51 ముక్కల కట్టలో ఆటీను సంభావ్యత 13/51, ఆసు అని తెలిశాక 1/4. అందుకే ‘పరస్పరం’ అనే మాట చేర్చి ‘పరస్పరాధీన ఘటనలు’ అంటే బాగుంటుందని నా అభిప్రాయం.