సాధనకు ముందు ఫోమ్ రోలర్ వాడించాలా? అమ్మాయిల ఖోఖో జట్టు కోసం అడుగుతున్నాను

ఖోఖో మాస్టారు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. మా అమ్మాయిల జట్టుకు పూర్వ విద్యార్థి ఒకరు 12 ఫోమ్ రోలర్లు (కండరాల కింద పెట్టి ఒళ్లు దొర్లించుకునే గుండ్రటి నురగ దిమ్మెలు) కొనిస్తానన్నారు. షరతు ఒకటే: రోజూ సాధనకు ముందు పావుగంట వాడించాలి. బడి వదిలాక నాకు దొరికేది గంటా పదిహేను నిమిషాలు, ఆ తరువాత పిల్లల ఊళ్లకు బస్సు లేదు. అందులోంచి పావుగంట దీనికి ఇవ్వవచ్చా? పిక్కలు, తొడ వెనుక కండరాలు తరచూ పట్టేస్తున్న మాట నిజమే.

పాత వస్తాదు
ఇవ్వవద్దు. ముప్పై ఏళ్లు కబడ్డీ నేర్పాను. మైదానం చుట్టూ నాలుగు చుట్లు, మోకాళ్లెత్తి పరుగు, గుంజీళ్లు, పక్క అడుగులు. ఒళ్లు వేడెక్కితే కండరం దానంతటదే సాగుతుంది. నురగ దిమ్మె మీద పడుకుని దొర్లితే ఒళ్లు వేడెక్కదు. బాగా బిగిసిన రోజు రాత్రి నువ్వుల నూనె కాచి పట్టించేవాళ్లం. తెల్లవారేసరికి కుర్రాడు మళ్లీ బరిలో ఉండేవాడు.

కీలు-కండరం
ఫిజియోథెరపిస్టును. వస్తాదు గారు చెప్పిన వార్మప్ మంచిదే, కానీ రోలర్‌ను అలా కొట్టిపారేయలేం. 2013లో కెనడాలోని మెమోరియల్ విశ్వవిద్యాలయం వారు 11 మంది యువకుల చేత తొడ ముందు కండరాన్ని నిమిషం చొప్పున రెండుసార్లు రోల్ చేయించారు. రెండు నిమిషాల తరువాత కొలిస్తే మోకాలు సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వంగింది. పది నిమిషాలకు 8 డిగ్రీలు నిలిచింది. బలం తగ్గలేదు. కదలకుండా నిమిషానికి మించి సాగదీసి పట్టుకుంటే మాత్రం వెంటనే బలం కొంత తగ్గుతుంది. ఖోఖోలో గళ్లలో కూర్చున్న అమ్మాయి వీపు మీద తట్టగానే ఒక్క ఉదుటున లేవాలి. చీలమండ బాగా వంగాలి, కాలిలో సత్తువా పోకూడదు. అందుకే పిక్కల మీద రోలర్ పనికొస్తుందంటున్నాను.

పాత వస్తాదు
పది డిగ్రీలు, పది నిమిషాలు! పదకొండో నిమిషంలో ఏమవుతుంది బాబూ? వాళ్లు కొలిచింది మోకాలు, మీరు చెబుతున్నది చీలమండ. పైగా ఆ పదకొండు మందీ మగవాళ్లు. పదమూడేళ్ల ఆడపిల్లల సంగతి అందులో ఎక్కడ ఉంది?

సైకిల్ సవారీ
ఎక్కువ దూరం తొక్కిన రోజు రాత్రి పిక్కల మీద ఐదు నిమిషాలు చేస్తాను. హాయిగా నిద్ర పడుతుంది. తొక్కే ముందు చేస్తే నాకు ఏ తేడా కనిపించలేదు.

తెల్లవారుజాము పరుగు
నా నాలుగు నెలలు ఈ రోలర్ పాలయ్యాయి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం సిద్ధమవుతుండగా మోకాలి బయటివైపు నొప్పి మొదలైంది. జిమ్ శిక్షకుడు ఐటీ బ్యాండ్ (తొడ బయటివైపు తుంటి నుంచి మోకాలి దాకా ఉండే పట్టీ) బిగిసిందని, తొడ పక్క భాగాన్ని రోల్ చేయమని చెప్పాడు. చేశాను. తగ్గలేదంటే ఇంకా గట్టిగా చేయమన్నాడు. తొడ నల్లగా కమిలిపోయింది. ఏడుస్తూ చేశాను. ఆగస్టు దాటిపోయింది. చివరికి వేరొకరు నన్ను పరుగెత్తించి చూసి, పిరుదు పక్క కండరాలు బలహీనంగా ఉన్నాయని చెప్పారు. వ్యాయామాలు ఇచ్చారు, రెండున్నర నెలల్లో నొప్పి పోయింది. తొడ ఎముకకు అంటిపెట్టుకుని ఉండే గట్టి పట్టీ అది, దొర్లితే సాగదు. తొడ పక్కనున్న ఆ పొరను ఒక్క శాతం నొక్కడానికి కూడా మనిషి తట్టుకోలేనంత బలం కావాలని 2008లోనే గణితం వేసి చూపించారు. ఇది నాకు ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదు?

కీలు-కండరం
అది తప్పుడు సలహా, రోలర్ తప్పు కాదు. రోలర్ గడ్డలను విరగగొట్టదు, పొరలను సాగదీయదు. ఒక కాలిని రోల్ చేస్తే చేయని కాలు కూడా కొంత ఎక్కువ సాగుతుందని ప్రయోగాల్లో కనిపించింది. అంటే మార్పు ఎక్కువగా నాడుల్లో, బిగుతును ఓర్చుకోవడంలో వస్తున్నట్టే. కాబట్టి కన్నీళ్లు వచ్చేలా చేయాల్సిన పని లేదు.

తెల్లవారుజాము పరుగు
"తప్పుడు సలహా" అని రెండు మాటల్లో తేల్చేశారు. ఆ శిక్షకుడూ మీలాగే అంత నమ్మకంగానే చెప్పాడు. నొప్పి పెరుగుతోందని చెప్పిన ప్రతిసారీ నేను సరిగ్గా చేయడం లేదన్నాడు. నా కాలి గురించి నా మాటకు విలువ లేకుండా పోయింది. రేపు ఆ పిల్లలకూ అదే జరుగుతుంది.

పాత వస్తాదు
చూశారా మాస్టారూ? కండరం ఎక్కడ ముడిపడిందో దిమ్మెకు తెలియదు, చేతికి తెలుస్తుంది. పని తెలిసిన చేయి ఒక్కటి చాలు, పన్నెండు దిమ్మెలు ఎందుకు?

రైడర్ 7
వస్తాదు గారూ, ఆ చేయి ఎవరిది?

తొమ్మిదేళ్లు కబడ్డీ ఆడాను. అబ్బాయిలకు మాలిష్ చేసే మనిషి ఉండేవాడు, మాకు ఎవరూ లేరు. ఒక శిబిరంలో నా తొడ పట్టేసింది. ఉన్నది ఒక మగ సహాయకుడు. తాను మాలిష్ చేస్తానన్నాడు, నేను వద్దన్నాను. మరునాడు ఆడలేకపోయాను. ఓర్పు లేని పిల్ల అని అందరి ముందూ అన్నారు. అప్పుడు నాకు పదహారేళ్లు. నాలుగేళ్ల తరువాత ఒక సీనియర్ తన రోలర్ ఇచ్చింది. గది తలుపు వేసుకుని, నాకు కావలసిన చోట, కావలసినంత నొక్కుకున్నాను. ఎన్ని డిగ్రీలు పెరిగాయో నాకు అక్కర్లేదు. నా ఒంటి మీద ఇంకొకరి చేయి పడకుండా నొప్పి తగ్గించుకోగలిగాను. ఇక్కడ ఇంతసేపు వాదించిన మీలో ఒక్కరూ ఇది అమ్మాయిల జట్టు అన్న సంగతి పట్టించుకోలేదు.

పాత వస్తాదు
అమ్మా, ఆడపిల్లలకు మా ఆవిడే నూనె పట్టేది. నేను ఎవరినీ ముట్టుకోలేదు.

రైడర్ 7
మిమ్మల్ని అనలేదండీ. ప్రతి మైదానంలోనూ మీ ఆవిడలాంటి వారు ఉంటారా?

పాత వస్తాదు
ఉండరు. ఆ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. ఆట ముందు పావుగంటకు మాత్రం ఒప్పుకోను.

తెల్లవారుజాము పరుగు
రైడర్ గారూ, మీరు చెప్పింది చదివాక నా కోపం ఎక్కడుందో నాకే తెలిసింది. మీ రోలర్ మీ చేతిలో ఉంది, నాది ఇంకొకరి మాటలో ఉంది. మాస్టారి మొదటి సందేశం మళ్లీ చూడండి: "వాడించాలి" అని రాశారు. వాడుకోనివ్వాలి అని ఉంటే నాకు పేచీ లేదు.

కీలు-కండరం
అక్కడ నేనూ తొందరపడ్డాను, నాలుగు నెలల బాధను ఒక్క వాక్యంలో తోసేయకూడదు. 2019లో జర్మనీ పరిశోధకులు 21 అధ్యయనాలను కలిపి లెక్క వేశారు. ఆటకు ముందు రోల్ చేస్తే సాగే గుణం సగటున 4 శాతం, వేగం 0.7 శాతం మెరుగుపడ్డాయి. తరువాత చేస్తే నొప్పి సగటున 6 శాతం తగ్గింది. ఇవన్నీ చిన్న లాభాలే. అదే ఫుట్‌బాల్ ఆడేవారికి గాయాలు తగ్గించడానికి రూపొందించిన ఫిఫా 11+ వార్మప్‌లో ఉన్నవి 15 వ్యాయామాలు, పట్టేది ఇరవై నిమిషాలు, ఖర్చు లేదు. నార్వేలో ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల మీద పరీక్షిస్తే తీవ్రమైన గాయాలు తగ్గాయి. ముందున్న సమయం అలాంటి వార్మప్‌కే ఇవ్వండి మాస్టారూ. రోలర్ ఆఖరున, పిక్కకు నిమిషం చొప్పున చాలు. కొత్తగా దెబ్బ తగిలిన చోట, ఎముక మీద వద్దు. ఒకే కండరం పదే పదే పట్టేస్తుంటే ఆ పిల్లను ఎవరికైనా చూపించండి.

ఖోఖో మాస్టారు
ఈ సాయంత్రం దాతతో మాట్లాడాను. పన్నెండు వద్దు, ఆరు చాలన్నాను. అమ్మాయిల గదిలో ఉంటాయి, సాధన అయ్యాక కావలసినవారు వాడుకుంటారు, హాజరు వేయను అని చెప్పాను. "రోజూ వాడకపోతే కొనిచ్చి లాభమేమిటి" అన్నారు. ఆలోచించి చెబుతారట. గళ్లలో ముందు కూర్చునే ఇద్దరు అమ్మాయిలను నేనే అడిగాను, కావాలా అని. ఒకరు కావాలంది. ఇంకొకరు గదికి గడియ లేదు, ముందు అది పెట్టించండి సార్ అంది. రేపు వడ్రంగిని పిలుస్తున్నాను.

సైకిల్ సవారీ
రోలర్లు వచ్చేదాకా పాత టెన్నిస్ బంతులు ఇవ్వండి. నేల మీద పెట్టి అరికాలు దొర్లించుకోవచ్చు, గోడకు ఆనించి పిరుదు నొక్కుకోవచ్చు.

పాత వస్తాదు
ఎవరికి ఏ రోజు ఏ కాలు పట్టేసిందో నేటి నుంచే ఒక పుస్తకంలో రాయండి మాస్టారూ. మూడు నెలల తరువాత ఆ పుస్తకం చూసి మాట్లాడుకుందాం.