రివాల్వర్‌కి సీసం బుల్లెట్లు: కొనాలా, ఇంట్లోనే పోత పోసుకోవాలా?

టెక్సాస్38: డాలస్ దగ్గర ఉంటాను. .38 స్పెషల్ రివాల్వర్‌తో నెలకి నాలుగైదు వందల రౌండ్లు కాలుస్తాను, కాల్చాక మిగిలే ఖాళీ తొడుగుల్ని (కేసుల్ని) నేనే మళ్లీ నింపి రీలోడ్ చేసుకుంటాను. 158 గ్రెయిన్ల బుల్లెట్లు ఇన్నాళ్లూ కొన్నాను. అచ్చు కొని గ్యారేజీలో పోసుకోమంటున్నాడు ఫ్రెండు. ఏం చేయమంటారు?

సీసంకుండ: పోసుకో తమ్ముడూ. పౌనుకి 7000 గ్రెయిన్లు, అంటే 44 బుల్లెట్లు. నాకు పాత సీసం పౌను డాలరున్నరకి దొరికింది, ఒక్కోటి మూడున్నర సెంట్లు పడింది. కిందటిసారి కొన్నవి పదకొండు సెంట్లు. డబ్బు కంటే సైజు ముఖ్యం. ఆ కొన్నవి .357 అంగుళాలు, నా సిలిండర్ రంధ్రాలు .358. ఆ సందులోంచి వేడి గ్యాసు దూసుకెళ్లి బ్యారెల్ నిండా సీసం అంటుకుంది, రెండు సాయంత్రాలు రాగిపీచుతో రుద్దాను.

కొనేవాణ్ణి: కుండ, అచ్చు, కరెంటు, మీ శనివారాలు ఆ మూడున్నర సెంట్లలో ఉన్నాయా? టైరు షాపులో చక్రాల బ్యాలెన్సుకి పెట్టే తూకపు ముక్కల్లో ఇప్పుడు జింకు, ఇనుము కూడా వస్తున్నాయి. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కి, జింకు 419కి కరుగుతాయి, వేడి ఎక్కువైతే జింకు కలిసిపోయి కుండంతా పాడు. సైజే బాధయితే .358వి కూడా అమ్ముతారు కదా.

గురి: బుల్లెట్లకి పౌడర్ కోటింగ్ (పొడి రంగుని వేడికి కరిగించి వేసే పూత) వేయండి, ఆ అంటుకునే బాధ చాలా తగ్గుతుంది.

సీసంకుండ: జింకు సంగతి నాకు చెప్పకండి, ప్లయర్‌తో నొక్కి చూసి ఒక్కొక్కటీ ఏరతాను. 2020లో షాపులు ఖాళీ అయినప్పుడు మీరేం కాల్చారు?

కొనేవాణ్ణి: అప్పుడు ప్రైమర్లూ (తూటా అడుగున ఉండి మందు అంటించే చిన్న బిళ్లలు) దొరకలేదు. కుండెడు సీసం పెట్టుకుని మీరేం కాల్చారు?

సీసంకుండ: చేతకానివాళ్లే ఇలాంటి వంకలు పెడతారు.

పెరటిషెడ్డు: చెమటచుక్క కుండలో పడినా సీసం పైకి చిమ్ముతుంది. కళ్లద్దాలు మర్చిపోకండి.

కొనేవాణ్ణి: చేతకాక కాదండీ. ఆరేళ్లు పోశాను. మా పాపకి రెండేళ్లప్పుడు రక్తంలో సీసం డెసిలీటరుకి 6 మైక్రోగ్రాములు వచ్చింది. పిల్లల విషయంలో జాగ్రత్త పడాల్సిన హద్దుని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో 5 నుంచి 3.5కి దించింది. మా వాషింగ్ మెషీన్ ఆ గ్యారేజీలోనే ఉండేది. మా ఆవిడ నాతో వారం రోజులు మాట్లాడలేదు.

సీసంకుండ: అయ్యో, ఆ మాట అనాల్సింది కాదు. కానీ ఆ వేడికి సీసం ఆవిరి రాదనే చెప్పాలి. దుమ్మంతా కరిగిన సీసం పైనుంచి తీసే మడ్డిదే. పైగా ఇండోర్ రేంజిలో ప్రైమర్ పొగలోనూ సీసమే, ఆ బట్టలతో ఇంటికొచ్చేవారేమో.

కొనేవాణ్ణి: వచ్చేవాణ్ణి. ఏది ఎంతో నేను విడదీసి చెప్పలేను, అందుకే రెండూ గడప దాటకుండా చేశాను. మీరు మొదట్నించీ బ్యారెల్ గురించి మాట్లాడుతున్నారు, నేను నేల మీద పాకే పిల్ల గురించి. టెక్సాస్38 గారూ, మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారా?

టెక్సాస్38: బాబుకి పద్నాలుగు నెలలు. రోజూ గ్యారేజీలోంచే ఇంట్లోకి వస్తాం.

సీసంకుండ: అది ముందే చెప్పాల్సింది తమ్ముడూ. నాకు విడిగా షెడ్డుంది, పిల్లలు కాలేజీల్లో ఉన్నారు. నువ్వు కొనుక్కో, కానీ ముందు సిలిండర్ రంధ్రాలు కొలిపించు. సైజు మాట మాత్రం నేను వదలను.