కార్బన్ పన్నుకు ఎక్సాన్ మద్దతు: నిజమా, నాటకమా?

వేపచెట్టు:
కార్బన్ పన్ను, అంటే బొగ్గు, పెట్రోలు కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మీద వేసే పన్ను, మంచిదేనని అమెరికా ఆయిల్ కంపెనీ ఎక్సాన్‌మొబిల్ సీఈఓగా రెక్స్ టిల్లర్‌సన్ 2009లోనే చెప్పాడు. 2017లో కంపెనీ, ఈ పన్ను కోసం పనిచేసే క్లైమేట్ లీడర్‌షిప్ కౌన్సిల్ అనే సంస్థలో చేరింది. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 40 డాలర్లతో మొదలుపెట్టి, వసూలైనదంతా జనానికే పంచాలన్నది వాళ్ల ప్లాన్. 2021లో ఆ కంపెనీ లాబీయిస్టే (చట్టాలు చేసేవాళ్ల దగ్గర కంపెనీ తరఫున మాట్లాడేవాడు) రహస్య కెమెరాకు దొరికాడు. ఆ పన్ను ఎలాగూ రాదు, కానీ మేం దేనికి అనుకూలమో అడిగితే చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది అన్నాడు. సీఈఓ డారెన్ వుడ్స్ క్షమాపణ చెప్పాడు. ఆగస్టులో కౌన్సిల్ కంపెనీ సభ్యత్వాన్ని సస్పెండ్ చేసింది. ఇంతయ్యాక కూడా వాళ్లను నమ్మేవాళ్లు ఉన్నారా?

పైపులైను:
ఉన్నాను. 19 ఏళ్లుగా ఆయిల్ ఇండస్ట్రీలో ఉన్నా (ఆ కంపెనీ కాదు). ఒక యూనిట్ కడితే ముప్పై నలభై ఏళ్లు నడవాలి. రాష్ట్రానికో రూలు, ప్రభుత్వం మారినప్పుడల్లా ఇంకో రూలు ఉంటే ఏ లెక్కా నిలవదు. ఒకే రేటు ఉంటే మాకే సుఖం. ఇక ఆ వీడియో అంటారా, పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ వాళ్లు ఉద్యోగం ఇప్పిస్తామని నమ్మించి తీసింది. ఇంటర్వ్యూలో గొప్పలు పోనివాడెవడు?

తూనికరాయి:
40 డాలర్లంటే గాలన్ పెట్రోలు మీద ఎంత పడుతుంది?

పైపులైను:
గాలన్ కాలితే దాదాపు 8.9 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే 36 సెంట్లు.

వానకోక:
2018లో నేను వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండేవాణ్ణి. కార్బన్ మీద టన్నుకు 15 డాలర్ల ఫీజు పెట్టాలా వద్దా అని ఇనీషియేటివ్ 1631 అనే ప్రతిపాదన మీద జనం ఓటింగ్ జరిగింది. నాకు ఓటు లేదు, ఫీజు వద్దనే ప్రచారం కార్డులు మాత్రం రోజూ వచ్చేవి, అంతకుముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ల పేరుతో. నున్నటి దళసరి కాగితం మీద పెట్రోలు రేటు పెరుగుతుందని పెద్దక్షరాలు, డబ్బిచ్చినవాళ్ల పేర్లు కింద చీమ తలకాయంత. ఆ ప్రచారానికి అందరికంటే ఎక్కువ పెట్టింది బ్రిటన్ ఆయిల్ కంపెనీ బీపీ, సుమారు 1.3 కోట్ల డాలర్లు. అదే బీపీ 2015లో మరో ఐదు కంపెనీలతో కలిసి, కార్బన్‌కు ధర పెట్టండని ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగానికి లేఖ రాసింది! ఇది కూడా ఇంటర్వ్యూలో గొప్పేనా?

పైపులైను:
ఆ ఫీజులో కొన్నిటికి మినహాయింపులున్నాయి, త్వరలో మూతపడుతుందని ఒక బొగ్గు ప్లాంటును కూడా వదిలేశారు. పన్ను మంచిదన్నంత మాత్రాన ఎలా రాసినా ఒప్పుకోవాలా?

వేపచెట్టు:
నచ్చిన పన్ను ఎప్పుడూ రాదు, వచ్చే పన్ను ఎప్పుడూ నచ్చదు. ఎంత చక్కగా కుదిరిందో!

గట్టుమీద కాకి:
నార్వే సంగతి చూడండి. 1991లో సముద్రంలోని ఆయిల్, గ్యాస్ ప్లాట్‌ఫారాల మీద కూడా కార్బన్ పన్ను వేశారు. అక్కడ సముద్రంలో ఉన్న స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రం నుంచి వచ్చే గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, అమ్మాలంటే ఎలాగూ వేరు చేయాలి. గాల్లోకి వదిలితే పన్ను పడుతుందని 1996 నుంచి చాలా ఏళ్లు ఏటా పది లక్షల టన్నుల దాకా సముద్రం అడుగున ఇసుకరాయి పొరలోకి పంపారు. కంపెనీ మనసులో ఏముందని అక్కడ ఎవరూ అడగలేదు. బిల్లు పంపారంతే.

తూనికరాయి:
టన్ను అంటే మెట్రిక్ టన్నా, అమెరికా టన్నా? రెండోదైతే 39 సెంట్లు.

వేపచెట్టు:
తూనికరాయి గారూ, దణ్ణం. పైపులైను గారూ, మీ జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు కాబట్టి మీ వాదన అర్థమవుతుంది.

పైపులైను:
జీతం దాకా వచ్చారు కదా, చెప్తాను. 2020లో మా గ్రూపులో సగం మందిని ఒకే వీడియో కాల్‌లో తీసేశారు. నేను మిగిలాను. నా కూతురు కాలేజీలో నాన్న ఏం చేస్తారంటే 'ఇంజనీరు' అని ఆపేస్తుందట. ఆ కాలేజీ ఫీజు కట్టేది ఈ జీతంతోనే. మీరందరూ కార్లలో తిరుగుతారు, విమానాలెక్కుతారు, తిట్లు మాత్రం మాకు. పెట్రోలు మేం తాగుతున్నామా?

వేపచెట్టు:
మిమ్మల్ని ఎవరూ అనలేదండీ. 1977లో జేమ్స్ బ్లాక్ అనే ఎక్సాన్ శాస్త్రవేత్త ఈ ముప్పు గురించి పైవాళ్లకు చెప్పాడు. 2000లో అదే కంపెనీ, సైన్స్ ఇంకా తేలలేదని న్యూయార్క్ టైమ్స్‌లో డబ్బిచ్చి వేయించింది. నేను కారు కొన్నప్పుడు నాకు తెలిసింది ఆ ప్రకటనే, ఆ రిపోర్టు కాదు. ఇంకో సంగతి. 2017 ప్లాన్‌లో, పన్ను వస్తే కంపెనీల మీద పాత కాలుష్యం కేసులు కొట్టేయాలన్న షరతు ఉంది. 2019లో తీసేశారనుకోండి. నా గొడవంతా దాని మీదే. 36 సెంట్లు నేను కడతాను, నా వాటా అది. వాళ్ల వాటా మాటేమిటి?

పైపులైను:
ఇది మొదటి పోస్టులోనే అడగాల్సింది. పన్ను ఇకమీదట కాల్చేదానికి. మీరడిగేది కాల్చేసినదానికి. కోర్టుకెళ్లండి, వద్దనను. కానీ కాల్చినవాళ్లను వదిలేసి అమ్మినవాళ్లనే నిలబెడతానంటే ఒప్పుకోను.

వేపచెట్టు:
తెలిసి దాచినవాళ్లను అంటున్నాను.

వానకోక:
ఇద్దరూ ఇప్పుడు కదా అసలు విషయంలోకి వచ్చారు.

తూనికరాయి:
మెట్రిక్ అయినా 36 కాదు, 35.6.